ఎఫ్1 నొక్కితే ఖాళీ తెర: సహాయం ఎక్కడ తెగిపోతోంది?

ప్రోగ్రాములు రాయడానికి వాడే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లలో చాలా వాడేవాళ్లకు ఒక మాట ఇస్తాయి. పనిలో ఎక్కడ చిక్కుకున్నా ఎఫ్1 కీ నొక్కితే చాలు, ఆ ఫంక్షన్ గురించో ఆ డైలాగ్ బాక్స్ గురించో వివరణ అక్కడికక్కడే తెరుచుకుంటుందని. ఆ మాట నిలబడని సందర్భాలు తరచూ ఎదురవుతాయి. విండో తెరుచుకుంటుంది, ఎడమ పక్క విషయసూచిక చక్కగా కనిపిస్తుంది, కుడి పక్క మాత్రం తెల్లగా ఉండిపోతుంది. ఇంకోచోట ఈ రకం హెల్ప్ ఫైలును ఈ విండోస్ తెరవలేదన్న సందేశం వస్తుంది. మరోచోట అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వరస కడతాయి. ఇలాంటప్పుడు చాలామంది ఫైలు పాడైందనుకుంటారు, లేదా సాఫ్ట్‌వేరంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి పూనుకుంటారు. ఇప్పటిదాకా వచ్చిన హెల్ప్ పద్ధతులను వరసగా పరిశీలిస్తే ఆ రెండు నిర్ణయాలూ తొందరపాటువేనని తేలుతుంది. వివరణ రాసిన పేజీలు పాడవడం అరుదు. అవి కళ్ల ముందుకు వచ్చే దారి తెగడమే ఎక్కువ. ఆ దారిలో చాలా అంచెలున్నాయి: కీ నొక్కిన సంగతి ప్రోగ్రాముకు చేరాలి, కర్సర్ ఉన్న పదానికి తగిన పేజీ ఏదో తెలియాలి, ఆ పేజీలున్న ఫైలు డిస్కులో ఉండాలి, దాన్ని చూపించే ఇంజిన్ ఉండాలి, ఆపరేటింగ్ సిస్టమ్ అనుమతించాలి, అవసరమైతే నెట్‌వర్క్ దారి ఇవ్వాలి, చివరికి అక్షరాలు సరిగ్గా గీతలుగా మారాలి. ఒక్కో అంచె ఒక్కొక్కరి చేతిలో ఉంది. అంచెకూ అంచెకూ మధ్య ఉన్న అతుకును మాత్రం ఎవరూ తమదనుకోలేదు. హెల్ప్ కనబడని సమస్యలు ప్రధానంగా ఆ అతుకుల దగ్గరే పుడుతున్నాయనీ, కాబట్టి వెతుకులాటా, సంస్కరణా రెండూ అక్కడి నుంచే మొదలుకావాలనీ ఈ వ్యాసం వాదన.

మొదట్లో ఈ దారి చాలా పొట్టిది. యూనిక్స్ తొలి మాన్యువల్ 1971లో వెలువడింది. ఆ పేజీలను తెర మీద చదవడానికి తర్వాత ‘మ్యాన్’ అనే కమాండు వచ్చింది. సాదా పాఠ్యం, చూపించడానికి ఒక టెర్మినల్ ఉంటే చాలు. 1990లో విండోస్ 3.0తో వచ్చిన విన్‌హెల్ప్ పేజీలన్నింటినీ ఒకే ఫైల్లో కుదించి, ఒక పదం మీద నొక్కితే మరో పేజీకి వెళ్లే లంకెలు ఇచ్చింది. దాన్ని తెరవడానికి ప్రత్యేకంగా ఒక ప్రోగ్రాం విండోస్‌తోపాటే వచ్చేది. 1997లో మైక్రోసాఫ్ట్ హెచ్‌టీఎంఎల్ హెల్ప్‌ను తెచ్చింది. మనం సీహెచ్‌ఎం అని పిలిచే ఫైళ్లు ఇవే. అసలు మలుపు ఇక్కడ వచ్చింది. పేజీలు వెబ్ పేజీల రూపంలోకి మారడంతో వాటిని చూపించే పనిని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజిన్‌కు అప్పగించారు. ఆ తర్వాత 2002లో విజువల్ స్టూడియో డాట్‌నెట్‌తో హెల్ప్ 2 అనే మరో పద్ధతి, 2010లో హెల్ప్ వ్యూయర్ అనే ఇంకో పద్ధతి వచ్చాయి. ఒక్క సంస్థే రెండు దశాబ్దాల్లో నాలుగు పద్ధతులు మార్చింది. మైక్రోసాఫ్ట్ బయటి సాధనాల్లో ఎక్లిప్స్ తన లోపలే ఒక చిన్న వెబ్ సర్వర్‌ను నడిపి హెల్ప్ చూపిస్తుంది. క్యూటీ అసిస్టెంట్ తన పేజీలను ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దాస్తుంది. తీరులు వేరైనా దిశ ఒకటే: హెల్ప్ తన కోసం తయారుకాని భాగాలను అరువు తెచ్చుకుంటూ పోయింది. ఆ అరువు వల్ల వెతుకుడు, బొమ్మలు, రంగుల్లో కోడ్ ఉదాహరణలు వచ్చాయి, కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. అయితే అరువిచ్చిన భాగం తన అవసరాల కోసం మారినప్పుడల్లా హెల్ప్ దెబ్బతింటుందన్న లెక్క ఎవరూ వేసుకోలేదు.

ఈ సంగతికి సీహెచ్‌ఎం ఫైళ్ల చరిత్రే బలమైన సాక్ష్యం. ఇంటర్నెట్ నుంచి దించుకున్న సీహెచ్‌ఎం ఫైలును తెరిస్తే విషయసూచిక కనబడుతుంది, పేజీ మాత్రం రాదు. దాని బదులు వెబ్‌పేజీకి వెళ్లడం రద్దయిందనో, పేజీని చూపించలేకపోతున్నామనో ఇంగ్లిష్‌లో ఒక సందేశం వస్తుంది. అది చదివినవాళ్లు నెట్ కనెక్షన్ చూసుకుంటారు. నిజానికి నెట్‌తో దానికి సంబంధమే లేదు. 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ నుంచి, బ్రౌజర్‌తో దించుకున్న ఫైలుకు ‘ఇది బయటి నుంచి వచ్చింది’ అని తెలిపే గుర్తు ఒకటి తగులుకుంటోంది. ఆ గుర్తున్న సీహెచ్‌ఎం లోపలి పేజీలను చూపడానికి విండోస్ ఒప్పుకోదు. ఫైలు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ చేస్తే అదే ఫైలు తెరుచుకుంటుంది. ఈ గుర్తు ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కుల్లో మాత్రమే నిలుస్తుంది, ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించగానే రాలిపోతుంది. స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ప్రతి పనిచేయడానికీ, తాను స్వయంగా దించుకున్న ప్రతి పనిచేయకపోవడానికీ కారణం ఇదే కావచ్చు. రెండు ఫైళ్లలోని పాఠ్యం అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా ఒకటి తెరుచుకుంటుంది, రెండోది తెరుచుకోదు. ఇంకో విడ్డూరం ఫోల్డర్ పేరు. ఫైలున్న దారిలో హ్యాష్ గుర్తు ఉంటే పేజీ రాదు, ఎందుకంటే వెబ్ చిరునామాల్లో ఆ గుర్తుకు ‘పేజీలో ఫలానా చోటు’ అన్న ప్రత్యేకార్థం ఉంది. సీ షార్ప్ భాష నేర్చుకుంటూ ఆ భాష పేరునే గుర్తుతో సహా ఫోల్డర్‌కు పెట్టుకున్నవాళ్ల హెల్ప్ ఫైలు ఆ పేరు వల్లే తెరుచుకోదు. ఈ రెండు చోట్లా ఫైలు ఆరోగ్యంగానే ఉంది, ఇంజిన్ కూడా బాగానే ఉంది. పాత దోస్తులు కాని రెండు భాగాలు కలిసిన చోట తేడా వచ్చింది. సందేశం ఇచ్చింది బ్రౌజర్ ఇంజిన్ కాబట్టి తనకు తెలిసిన వెబ్ భాషలోనే మాట్లాడింది. అడ్డుపెట్టిన భద్రతా వ్యవస్థ మాట బయటికి రానేలేదు.

అయితే ఈ అడ్డుగోడలన్నీ మైక్రోసాఫ్ట్ అతిజాగ్రత్త వల్ల వచ్చిన చికాకులేనని, వాటిని ఎత్తేస్తే సరిపోతుందని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన నిలవదు. సీహెచ్‌ఎం పేజీలో స్క్రిప్టులు నడపవచ్చు, యాక్టివ్‌ఎక్స్ కంట్రోళ్లు పెట్టవచ్చు, లంకె నొక్కితే కంప్యూటర్లోని మరో ప్రోగ్రాం మొదలయ్యేలా చేయవచ్చు. హెల్ప్ రాసేవాళ్ల సౌకర్యం కోసం ఇచ్చిన ఈ శక్తే దాడిచేసేవాళ్లకు ఆయుధమైంది. హెచ్‌టీఎంఎల్ హెల్ప్‌లోని లోపాలకు మైక్రోసాఫ్ట్ 2005 జనవరిలో ఒకసారి, జూన్‌లో మరోసారి భద్రతా సవరణలు విడుదల చేసింది. ఈ జూన్ సవరణ తర్వాతే నెట్‌వర్క్‌లోని వేరే కంప్యూటర్ నుంచి సీహెచ్‌ఎం తెరవడం ఆగిపోయింది. హెల్ప్ ఫైళ్లను సర్వర్లో ఒకేచోట పెట్టి అందరూ వాడుకునే కార్యాలయాల్లో ఒక్కసారిగా పేజీలు ఖాళీ అయ్యాయి. ఆ పరిమితిని సడలించే రిజిస్ట్రీ మార్పు ఒకటుంది, సలహాలు ఇచ్చేవాళ్లు దాన్నే ముందుగా చెబుతుంటారు కూడా. కానీ ఒక్క ఫైలు చదవడం కోసం ఆ మార్పు చేస్తే అలాంటి ఫైళ్లన్నింటికీ గేటు తెరిచినట్టే. నమ్మకమైన చోటు నుంచి వచ్చిన ఫైలును సొంత డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ ఒక్కదాన్ని మాత్రమే అన్‌బ్లాక్ చేయడం సరైన పద్ధతి. తప్పు గోడ కట్టడంలో లేదు. గోడ కట్టినట్టు చెప్పకపోవడంలో ఉంది. ‘ఈ ఫైలు బయటి నుంచి వచ్చింది కాబట్టి ఆపాం, నమ్మితే ఇలా అనుమతించండి’ అన్న ఒక్క వాక్యం ఆ ఖాళీ చోట కనబడి ఉంటే ఎందరో ప్రోగ్రామర్ల పనిగంటలు మిగిలేవి.

ఇంజిన్ అసలుకే మాయమైన కథ ఇంకో తరహా. విన్‌హెల్ప్‌ను తెరిచే ప్రోగ్రామును 2007లో జనం చేతికొచ్చిన విండోస్ విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ తొలగించింది. విస్టాకు, 7కు, 8కు, 8.1కు దాన్ని విడిగా దించుకునే వీలు ఇచ్చింది కానీ విండోస్ 10కు ఆ వీలు ఇవ్వలేదు. 2002లో వచ్చిన ప్రోగ్రామింగ్ సాధనం డెల్ఫీ 7 హెల్ప్ మొత్తం ఆ పాత పద్ధతిలోనే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌తో రాసిన ప్రోగ్రాములను ఇప్పటికీ కనిపెట్టుకుని ఉండాల్సిన వాళ్లు కొత్త విండోస్‌లో డెల్ఫీని నడపగలుగుతున్నారు, ఎఫ్1 నొక్కితే మాత్రం మద్దతు లేదన్న సమాధానం వస్తుంది. కంపైలర్ బతికి, దాని గురించి చెప్పే పుస్తకం మూగబోయింది. పాత సాఫ్ట్‌వేర్‌ను వాడటమే తప్పు, కొత్తదానికి మారితే పోయే కదా అని అనవచ్చు. కానీ నడుస్తున్న ప్రోగ్రామును మార్చాలన్నా, కొత్త భాషలోకి తిరగరాయాలన్నా ముందు పాతదాన్ని అర్థం చేసుకోవాలి. హెల్ప్ అత్యవసరమయ్యేది అప్పుడే. విన్‌హెల్ప్ పోయినట్టు సీహెచ్‌ఎం ఇంకా పోలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ డెస్క్‌టాప్ బ్రౌజర్‌ను 2022 జూన్‌లో విరమించినా, దాని లోపలి ఇంజిన్‌ను విండోస్ అట్టిపెట్టింది, సీహెచ్‌ఎం దాని ఆసరాతోనే నడుస్తోంది. బ్రౌజర్‌గా పనికిరాదని పక్కనపెట్టిన ఇంజిన్ మీద హెల్ప్ భవిష్యత్తు ఆధారపడడం ఎంత పెళుసైన ఏర్పాటో వేరే చెప్పనక్కర్లేదు. లినక్స్‌లో ఇదే అతుకు మరో రూపంలో కనబడుతుంది. ఎక్లిప్స్ తన కిటికీ లోపలే హెల్ప్ చూపించాలంటే వెబ్‌కిట్‌జీటీకే అనే లైబ్రరీ ఉండాలి. అది లేకున్నా, కుదరని వెర్షన్ ఉన్నా హెల్ప్ బయటి బ్రౌజర్లోకి వెళ్తుంది, లేదా ఎర్రర్‌తో ఆగిపోతుంది. క్యూటీ అసిస్టెంట్‌కు ఎస్‌క్యూలైట్ డ్రైవర్ దొరక్కపోతే పేజీలన్నీ డిస్కులోనే ఉన్నా ఒక్కటీ తెరుచుకోదు.

కొన్నిసార్లు పేజీలు నిజంగానే ఉండవు, అయితే ఆ లేమికీ ఎవరో తెలిసి తీసుకున్న నిర్ణయమే కారణం. 1998 నాటి విజువల్ స్టూడియో 6లో హెల్ప్ పేజీలుండే ఎమ్మెస్‌డీఎన్ లైబ్రరీ విడి సీడీల్లో వచ్చేది. దాన్ని ఇన్‌స్టాల్ చేయకుండా వదిలేసినవాళ్లు విజువల్ బేసిక్‌లో ఎఫ్1 నొక్కితే ఎమ్మెస్‌డీఎన్ సంకలనం లేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్న సందేశం వచ్చేది. ఆ సందేశం మొరటుదైనా నిజం చెప్పింది. ఉబుంటు కంటైనర్ ఇమేజ్‌లలో పరిమాణం తగ్గించడం కోసం మ్యాన్ పేజీలను తొలగిస్తారు. అక్కడ ‘మ్యాన్’ కమాండు ఇస్తే, ఈ సిస్టమ్‌ను కుదించామనీ, కావాలంటే ఫలానా కమాండుతో పేజీలను తిరిగి తెచ్చుకోవచ్చనీ తెరమీదే చెబుతుంది. ఉన్నంతలో ఆదర్శమైన పద్ధతి ఇది: ఏం లేదో, ఎందుకు లేదో, ఎలా తెచ్చుకోవాలో మూడూ ఒకేచోట దొరుకుతాయి. డెబియన్ లినక్స్‌లో కారణం చట్టపరమైనది. గ్నూ మాన్యువళ్లలో కొన్నింటి లైసెన్సులో మార్చకూడని భాగాలున్నాయి. అలాంటివి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్వచనానికి సరిపోవని డెబియన్ సభ్యులు 2006లో ఓటు వేసి తేల్చారు. ఫలితంగా గ్నూ కంపైలర్ జీసీసీ ఒక విభాగంలో, దాని మాన్యువల్ మరో విభాగంలో చేరాయి. జీసీసీని ఇన్‌స్టాల్ చేసిన విద్యార్థి ‘ఇన్ఫో’ కమాండు ఇచ్చి పూర్తి మాన్యువల్ రాకపోతే తన కంప్యూటర్లో లోపముందనుకుంటాడు. లోపమేమీ లేదు. సిద్ధాంతాల మీద జరిగిన ఒక నిజాయితీగల వివాదం తాలూకు పర్యవసానం అతని తెర దాకా వచ్చింది, కానీ దాని కారణం అతనికి చేరలేదు.

నెట్‌వర్క్ అంచెలో తలెత్తే చిక్కులు మరింత దారితప్పిస్తాయి. ఎక్లిప్స్ హెల్ప్ వాడేవాళ్ల కంప్యూటర్లోనే 127.0.0.1 చిరునామాలో నడిచే సర్వర్ నుంచి వస్తుంది. కళాశాలల్లోనూ కంపెనీల్లోనూ బయటికి వెళ్లే ప్రతి కోరికా ప్రాక్సీ గుండా పోవాలని పెడతారు. ఆ అమరికలో సొంత చిరునామాకు మినహాయింపు ఇవ్వకపోతే, తన కంప్యూటర్లోని పేజీని అడిగిన కోరిక ఊరంతా తిరిగి ప్రాక్సీ దగ్గర ఆగుతుంది, ఎర్రర్ అక్కడి నుంచి వస్తుంది. విజువల్ స్టూడియో 2010 తొలి హెల్ప్ వ్యూయర్ కూడా ఇలాగే 47873 పోర్టులో నడిచే స్థానిక సర్వర్ ద్వారా మామూలు బ్రౌజర్లో పేజీలు చూపించింది. అందులో పదాల సూచిక లేకపోవడం ప్రోగ్రామర్లకు నచ్చలేదు. 2011లో వచ్చిన సర్వీస్ ప్యాక్‌లో సూచికతో సహా విడి వ్యూయర్‌ను తిరిగి తేవాల్సి వచ్చింది. తర్వాతి వెర్షన్లలో ఎఫ్1 నొక్కినప్పుడు పేజీ బ్రౌజర్లో తెరవాలో, డిస్కులోని వ్యూయర్లో తెరవాలో హెల్ప్ మెనూలో ఎంచుకునే వీలుంది. డిస్కులోకి పుస్తకాలు దించుకోకుండా వ్యూయర్‌ను ఎంచుకున్నా, నెట్ లేకుండా బ్రౌజర్‌ను ఎంచుకున్నా ఫలితం ఒకటే. పేజీలు ఎక్కడున్నాయో, సాఫ్ట్‌వేర్ ఎక్కడ వెతుకుతోందో రెండూ పొసగడం లేదన్నమాట.

దారిలో అన్నిటికంటే మొదటిదైన కీ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల్లో సీ భాషను ఏళ్ల తరబడి టర్బో సీ++ మీద నేర్పారు. డాస్ కాలపు ఆ ప్రోగ్రాం 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు కాబట్టి డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో నడుపుతారు. టర్బో సీ++లో ఒక పదం మీద కర్సర్ పెట్టి కంట్రోల్, ఎఫ్1 కలిపి నొక్కితే ఆ ఫంక్షన్ హెల్ప్ రావాలి. కానీ డాస్‌బాక్స్‌లో అవే రెండు కీలు కీబోర్డు అమరికల తెరను తెరవడానికి కేటాయించి ఉన్నాయి. విద్యార్థి ‘ప్రింట్‌ఎఫ్’ గురించి అడిగితే కీబోర్డు బొమ్మ ఎదురవుతుంది. ప్రోగ్రామును నడపడానికి టర్బో సీలో అలవాటైన కంట్రోల్, ఎఫ్9 డాస్‌బాక్స్‌ను ఏకంగా మూసేస్తుంది. టర్బో సీలోనూ లోపం లేదు, డాస్‌బాక్స్‌లోనూ లోపం లేదు. రెండూ ఒకే కీ తమదేననుకున్నాయి, బయటున్నది ముందు అందుకుంది. హెల్ప్ మెనూలోకి వెళ్లి వెతికినా, డాస్‌బాక్స్ కీ అమరికను మార్చినా పేజీలు యథాతథంగా వస్తాయి. నేటి ల్యాప్‌టాప్‌లలో పై వరస కీలకు శబ్దం, వెలుతురు తగ్గించే పనులు ముందుగా ఇవ్వడం కూడా ఇలాంటిదే. చాలా యంత్రాల్లో ఎఫ్‌ఎన్ కీ కలిపి నొక్కితే తప్ప ఎఫ్1 ప్రోగ్రాముకు చేరదు.

అక్షరాల అంచె తెలుగువాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సినది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. అయినా తెలుగులో సీహెచ్‌ఎం హెల్ప్ చేయబోతే గోడ తగులుతుంది. ఆ పద్ధతిలో విషయసూచిక, పదసూచిక యూనికోడ్‌ను అంగీకరించవు. ఒక్కో భాషకు విండోస్ ఇచ్చిన పాతకాలపు కోడ్ పేజీ మీదే ఆధారపడతాయి. తెలుగుకు అలాంటి కోడ్ పేజీ లేదు, హిందీ, తమిళాలకూ లేదు. అందువల్ల కుడి పక్క పేజీలో తెలుగు నిండుగా కనిపించగలదు, ఎడమ పక్క విషయసూచికలో మాత్రం అదే తెలుగు ప్రశ్నార్థకాలుగా మారుతుంది. ఒకే కిటికీలో, ఒకే ఫైలు నుంచి వచ్చిన రెండు భాగాల మధ్య ఇంత తేడా రావడమే ఈ వ్యాసం చెబుతున్న అతుకుకు కంటికి కనిపించే రుజువు. ఫైలున్న ఫోల్డర్‌కు తెలుగులో పేరు పెట్టినా ఇదే కారణంగా అది తెరుచుకోకపోవచ్చు. యూనిక్స్ టెర్మినళ్లలో మరో ఇబ్బంది. ప్రతి అక్షరానికీ సమానమైన గడి కేటాయించే ఆ పద్ధతిలో మన ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా ఒదగవు. ప్రోగ్రామింగ్ హెల్ప్ తెలుగులో ఎందుకు లేదన్న ప్రశ్నకు అనువాదకుల కొరతనే జవాబుగా చెబుతుంటారు. రాసినా కనబడని పనిముట్లు చాలాకాలం రాజ్యమేలడం కూడా ఆ జవాబులో చేరాలి. ఇంగ్లిష్ చదవడంలో ఇంకా తడబడే మొదటి సంవత్సరం విద్యార్థికి, భాష అడ్డుకు తోడు తెర అడ్డు కూడా ఎందుకు తగలాలి?

ఇంతవరకు చూసిన సాక్ష్యాల నుంచి వెతికే పద్ధతి సహజంగానే తేలుతుంది. కాలువ చివరి పొలానికి నీరందకపోతే చెరువు ఎండిందనుకోము, దారిలో ఒక్కో తూమూ చూసుకుంటూ వస్తాం. ఇక్కడా అంతే. కీ నొక్కితే రానిది హెల్ప్ మెనూ నుంచి వస్తే తేడా కీలో ఉంది. మెనూ నుంచి రానిది ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే వస్తే, సాఫ్ట్‌వేర్ తప్పుచోట వెతుకుతోంది, లేదా పదానికీ పేజీకీ ఉన్న లంకె తెగింది. నేరుగా తెరిచినా రాకపోతే, దాన్ని సొంత డిస్కులో ఇంగ్లిష్ అక్షరాల పేరున్న మామూలు ఫోల్డర్లోకి మార్చి, బయటి ఫైలన్న గుర్తు ఉంటే తీసేసి చూడాలి. అప్పటికీ రాకపోతే అదే రకానికి చెందిన మరో ఫైలు తెరవాలి. అది కూడా రాకపోతేనే ఇంజిన్‌ను అనుమానించాలి, దాని భాగాలను తిరిగి నమోదు చేయాల్సింది అప్పుడే. రెండోది తెరుచుకుని మొదటిది తెరుచుకోకపోతేనే ఫైలు పాడైందనాలి. సర్వర్ ద్వారా వచ్చే హెల్ప్ అయితే ప్రాక్సీ మినహాయింపు చూడాలి. ఒక్కో పరీక్ష ఒక్కో అంచెను విడదీస్తుంది, ఏదీ సిస్టమ్‌ను మార్చేయదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలాసార్లు బాగవుతుంది కదా, ఇంత శ్రమ దేనికని అడగవచ్చు. బాగైనప్పుడు కూడా ఏది బాగైందో అది చెప్పదు. బయటి ఫైలన్న గుర్తు, ప్రాక్సీ, ఫోల్డర్ పేరు, కీ తగాదా వంటివి ఇన్‌స్టాలర్ చేతిలో లేనివి కాబట్టి సగం రోజు పోయాక సమస్య ఉన్నచోటే ఉంటుంది.

మరింత గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఈ రోజుల్లో ఎఫ్1 ఎవరు నొక్కుతున్నారు, అందరూ వెబ్‌లో వెతుకుతారు, లేదా కృత్రిమ మేధ సహాయకాన్ని అడుగుతారు, హెల్ప్ ఫైళ్ల గురించి ఇంత చర్చ అనవసరమని. ఈ మాటలో నిజం లేకపోలేదు. వెబ్‌లోని వివరణను రాసినవాళ్లు ఎప్పటికప్పుడు సరిదిద్దగలరు, డిస్కులోని ప్రతి పాతబడుతుంది. కానీ వెబ్ పేజీ సాధారణంగా కొత్త వెర్షన్ గురించి చెబుతుంది. వాడేవాళ్ల దగ్గరున్నది పాత వెర్షన్ కావచ్చు. లేని ఫంక్షన్ ఉందనుకుని, మారిన పద్ధతిని పాటించి గంటలు పోగొట్టుకోవడం ప్రోగ్రామర్లకు కొత్త కాదు. సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చిన హెల్ప్ ఆ వెర్షన్‌కు సరిగ్గా సరిపోతుంది. వెబ్ చిరునామాలూ స్థిరంగా ఉండవు. మైక్రోసాఫ్ట్ తన పత్రాలను ఎమ్మెస్‌డీఎన్ నుంచి 2016లో డాక్స్ అనే చిరునామాకు, అక్కడి నుంచి 2022లో లెర్న్ అనే చిరునామాకు మార్చింది. కృత్రిమ మేధ చెప్పిన జవాబు నిజమో కాదో తేల్చుకోవడానికి మళ్లీ మూలపత్రమే కావాలి, అది లేనిచోట ఆ జవాబును పరీక్షించే గీటురాయి లేదు. పైగా నెట్ లేని చోట్లు తక్కువేమీ కాదు. ల్యాబ్ పరీక్షల్లో నెట్ తీసేస్తారు. ఐసీపీసీ వంటి ప్రోగ్రామింగ్ పోటీల్లో భాషల పత్రాలను పోటీ యంత్రాల్లోనే ఉంచుతారు. రక్షణ, బ్యాంకింగ్ రంగాల్లో బయటి నెట్‌తో సంబంధం లేని యంత్రాల మీద పనిచేసేవాళ్లున్నారు. వాళ్లందరికీ డిస్కులోని హెల్ప్ ఒక్కటే దిక్కు.

కాబట్టి మార్పు మొదలుకావాల్సింది తయారీదారుల దగ్గర, అందులో దారి చూపినవాళ్లు కూడా ఉన్నారు. పైథాన్ విండోస్ ఇన్‌స్టాలర్ 3.10 వెర్షన్ వరకు సీహెచ్‌ఎం ఫైలుతో వచ్చేది. 3.11 నుంచి దాని బదులు మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలే వస్తున్నాయి. ఏ బ్రౌజర్‌తోనైనా తెరవవచ్చు, విడి ఇంజిన్ పోతుందన్న భయం లేదు, తెలుగు పేర్లతో వెతకడానికీ కోడ్ పేజీ అడ్డు లేదు. డాష్, జీల్ వంటి సాఫ్ట్‌వేర్లు ఎన్నో భాషల పత్రాలను నెట్ లేకుండా చదువుకునేలా ఒకేచోట చేర్చాయి. ఈ అనుభవాల నుంచి తీయాల్సిన నియమాలు స్పష్టం. పేజీలు ఏ ఒక్క సంస్థ ఇంజిన్‌కూ కట్టుబడని బహిరంగ రూపంలో ఉండాలి. సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తోపాటు దాని హెల్ప్ కూడా డిస్కులో అందాలి, వెబ్ ప్రతి దానికి అదనం కావాలి. యూనికోడ్ దారి పొడవునా, ఫోల్డర్ పేరు నుంచి పదసూచిక దాకా, ఎక్కడా తెగకూడదు. పేజీ చూపలేకపోయినప్పుడు ఏ అంచె ఆపిందో, ఎందుకు ఆపిందో సాఫ్ట్‌వేరే చెప్పాలి. వీటికి తోడు, కొత్త వెర్షన్ విడుదలకు ముందు కంపైలర్‌ను పరీక్షించినట్టే ఎఫ్1ను కూడా ప్రాక్సీ వెనక, నెట్ లేని యంత్రంలో, తెలుగు పేరున్న ఫోల్డర్లో నొక్కి చూడాలి. ఇందులో ఏదీ కొత్త ఆవిష్కరణ కోరదు, హెల్ప్‌ను ప్రోగ్రాములో భాగంగా లెక్కించడమే కోరుతుంది. నేర్చుకునేవాడు తన యంత్రాన్నో తన తెలివినో అనుమానించుకునే పరిస్థితి పోవాలంటే, అతుకుల బాధ్యతను ఆ సాఫ్ట్‌వేర్‌ను మన చేతికిచ్చినవాళ్లే తీసుకోవాలి.